ఒక్క అంతస్తు పైన

తోడికోడలి స్థలంలో ఫ్లెక్సీ లేచిన రోజు నుంచి రజినికి అన్నం సయించడం లేదు.

ఆ ఫ్లెక్సీ మీద తొమ్మిదంతస్తుల మేడ ఉంది. మేడ చుట్టూ ఆత్మకూరులో ఎవరూ ఏనాడూ చూడనంత పచ్చటి గడ్డి, ఆ గడ్డిలో బంతాట ఆడుకుంటున్న ఎర్రటి బుగ్గల పిల్లలు. ఆ గడ్డికి నీళ్ళెక్కడివని వీధిలో అందరూ అడిగారు. రజిని కూడా పైకి అదే అడిగింది. లోపల మాత్రం ఆమెను తొలుస్తున్న ప్రశ్న వేరు. రావాలంటే ఈ మేడ గోపికకే ఎందుకు రావాలి?

ఒక సంగతి ముందే చెప్పుకోవాలి. ఆ మేడ మీద రజిని పెట్టిన అభ్యంతరాల్లో అబద్ధం ఒక్కటీ లేదు. వీధిలో ఉన్నవి నలభై ఆరు ఇళ్ళు, అన్నీ ఒంటి మిద్దెలు, మహా అయితే పైన ఒక గది. మార్చి దాటితే బోర్లు గాలి కక్కుతాయి. పక్క కాలువ చిన్న వానకే పొంగి గడపల్లోకి వస్తుంది. అలాంటి వీధి చివర ఒకేసారి డెబ్బై రెండు సంసారాలను తెచ్చి నిలబెడితే ఉన్నవాళ్ళు తాగేదేమిటి, వాడిన నీళ్ళు పోయేదెక్కడికి? మిద్దెల మీద మిరపకాయలు ఎండబెట్టుకునే వాళ్ళకు మధ్యాహ్నం మూడింటికే ఎండ మాయమైతే ఎవరికి చెప్పుకోవాలి? ఇవన్నీ న్యాయమైన మాటలే. న్యాయమైన మాట పట్టుకుని కడుపుమంట చల్లార్చుకోవడంలో ఒక సుఖముంది, ఎవరూ వేలెత్తి చూపలేరు. ఆ సుఖం రజిని ఆరు నెలలుగా అనుభవిస్తోంది.

సంఘం పుట్టింది ఆమె వరండాలోనే. కార్యదర్శి కూడా ఆమే. అర్జీలు రాసేది హైస్కూలు టీచరు కృపారాణి. ఆఫీసుల్లో గట్టిగా మాట్లాడేది కరెంటు ఆఫీసులో పనిచేసి రిటైరైన మాలకొండయ్య. అయితే ఆ అర్జీలకూ ఆ మాటలకూ లేని బలం ఒకటి రజిని దగ్గర ఉంది. అది ఆమె ప్రహరీ గోడ.

ఆ వీధి పొడవునా నలభై అడుగుల వెడల్పు. మొగదల ఒక్కచోట, రజిని ఇంటి ముందు మాత్రం ముప్పై అడుగులే. ఆమె మామ నారాయణయ్య ఆ ఇల్లు కట్టే నాటికి అక్కడ వీధి లేదు, చేలలోకి పోయే బండ్లబాట ఉండేది. తర్వాత లేఅవుట్ వేసినవాళ్ళు తమ దారి నలభై అడుగులు పెట్టుకుని వచ్చి ఈ గోడ దగ్గర ఆగిపోయారు. దారి ఎక్కడ సన్నగా ఉంటే దాన్నే లెక్కలోకి తీసుకుంటారని, ముప్పై అడుగుల దారికి నాలుగంతస్తులకు మించి ఇవ్వరని, తొమ్మిది లేవాలంటే నలభై ఉండి తీరాలని కృపారాణి మున్సిపల్ ఆఫీసుకు నాలుగుసార్లు తిరిగి కనుక్కొచ్చింది. అంటే మేడ ఎత్తంతా రజిని గోడ చేతిలో ఉన్నట్టే.

"రజినక్క ఉన్నన్నాళ్ళు ఆ గోడ కదలదు, ఆ మేడ లెయ్యదు. రాసి పెట్టుకోండి," అన్నాడు మాలకొండయ్య పోయిన గురువారం మీటింగులో.

అందరూ చప్పట్లు కొట్టారు. రజిని టీ గ్లాసులు సర్దుకుంటూ వినపడనట్టు ఉండిపోయింది. చెవులు మాత్రం ఆ చప్పట్ల మీదే ఉన్నాయి. ఆ చప్పట్లు వీధి చివర రేకుల ఇంట్లో ఉన్న గోపికకు వినిపించి ఉంటాయా లేదా అన్నదే ఆమె ఆలోచన.

ఇంతకీ గోపిక చేసిన ద్రోహమేమిటో కూడా చెప్పాలి. పద్దెనిమిదేళ్ళ కిందట ఒక మేలు చేసింది. రజిని క్షమించలేకపోయింది దాన్నే.

నారాయణయ్య పోయాక కొడుకులిద్దరూ వేరుపడ్డారు. పెద్దవాడు కోటేశ్వర్, అప్పట్లో ఆర్టీసీ డిపోలో మెకానిక్కు. చిన్నవాడు కేశవ, మర్రిపాడు వైపు ఊళ్ళు తిరిగి గొర్రెలు కొని సంతల్లో అమ్మేవాడు. ఆ ఇళ్ళలో పంపకానికి ఒక పద్ధతి ఉంది. పెద్దవాడు భాగాలు పెడతాడు, చిన్నవాడు ముందు కోరుకుంటాడు. పెట్టేవాడు మోసం చెయ్యకుండా ఉండడానికి పెద్దలు ఏర్పరిచిన కట్టుబాటు అది. కోటేశ్వర్ పేరుకే పెట్టాడు, భాగాలు వేసిందంతా రజిని. ఒక భాగం రోడ్డు పక్క ఇల్లు. రెండో భాగం వెనక ఉన్న నాలుగొందల అంకణాల చేను, అంటే అరెకరం పైన. చేనంటే చేను కాదు, అడుగు పెట్టడానికి చోటు లేకుండా సర్కారు తుమ్మ. ఇల్లు రజినికి ప్రాణం. చిన్నవాళ్ళు ఎక్కడ ఇల్లు కోరుకుంటారోనని భయపడి, చేను వైపు ఇరవై గొర్రెలనూ అత్తగారి ఇత్తడి సామాను మొత్తాన్నీ కలిపింది. అయినా ఆ రాత్రి కంటిమీద కునుకు లేదు.

తెల్లారి పెద్దమనుషుల ముందు కేశవ భార్య ముఖం చూశాడు. గోపికకు అప్పటికి ఇరవై రెండేళ్ళు. తలవంచుకునే చెప్పింది.

"అక్కకు ఇల్లంటే శానా ఇష్టం. మాకు చేను చాలు. గొర్రెలూ బిందెలూ కూడా అక్కనే ఉంచుకోమనండి."

పెద్దమనుషులు గోపికను మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలు రజినికి నలుగురిలో చెంపదెబ్బలా తగిలింది. తాను రాత్రంతా లెక్కలు వేసి దక్కించుకోవాలనుకున్నది ఆ పిల్ల అడక్కుండానే దానం చేసేసింది. ఇల్లు తన పేరనే రాయించుకుంది రజిని, కాని ఆ ఇంట్లో ఏ మూల కూర్చున్నా ఇది గోపిక వదిలిపెట్టిన ఇల్లు అన్న మాట మనసులో మెదిలేది. ఒక్క ఊరట ఉండేది. తనది రోడ్డు పక్క మిద్దె, గోపికది తుమ్మచెట్ల మధ్య రేకుల ఇల్లు. పండక్కీ పబ్బానికీ గోపిక ఈ గడప ఎక్కి "అక్కా, కాస్త చింతపండు ఉంటే పెట్టు" అన్నప్పుడల్లా రజిని చేతులారా తీసి పెట్టేది. అడిగినదానికంటే రెండింతలు పెట్టేది. ఆ ఊరట కాస్తా పోయింది. తుమ్మచెట్లు పోయి అక్కడ మేడ వస్తోంది. స్థలం ఇచ్చినందుకు గోపికకు బిల్డరు డబ్బు కాక నాలుగు ఫ్లాట్లు ఇస్తున్నాడట. ఫ్లెక్సీ లేచిన రోజునుంచి రజిని తోడికోడలితో మాట మానేసింది. గోపిక రెండుసార్లు గేటు దాకా వచ్చింది. రెండుసార్లూ రజిని పెరట్లోకి వెళ్ళిపోయి పంపు తిప్పుకుంది.

మంగళవారం పొద్దున బిల్డరు రమేష్‌బాబు ఇంటికి వచ్చాడు. నెల్లూరు మనిషి, మెత్తగా మాట్లాడతాడు. వరండాలో కోటేశ్వర్ పేపరు చదువుకుంటున్నాడు. రజిని కూర్చోమని కూడా అనలేదు.

"గోడ సంగతైతే వచ్చిన దారినే పోవచ్చు," అంది.

"మీ మాట కాదనే వాణ్ణి కాదమ్మా. మీరియ్యకపోయినా పనేం ఆగదు. పై ఆఫీసులో పర్మిషను తెచ్చుకుంటాం, ఆర్నెల్లు లేటు, అంతే. ఆ తిరుగుడేదో లేకుండా మీకే ఒక ఫ్లాటు ఇస్తే మర్యాదగా ఉంటాదని వచ్చినాను. పదడుగులకు ఫ్లాటు ఎవురిస్తారు చెప్పండి."

పై ఆఫీసు, గియ్యాఫీసు అంతా ఉత్త బెదిరింపని, దారి లేకపోతే ఎవరూ ఏమీ చెయ్యలేరని కృపారాణి మూడు మీటింగుల్లో మూడుసార్లు చెప్పింది. రజినికి అది బాగా గుర్తుంది.

"ఫ్లాటు ఎవురిక్కావాల? నాకు ఇల్లుండాది."

"సరేనమ్మా." అతను ప్లాను కాగితాలు చుట్టబోయి, ఏదో జ్ఞాపకం వచ్చినట్టు నవ్వాడు. "మీ తోడికోడలు గారైతే ఐదో అంతస్తు పడమటి మూల తీసుకున్నారు. ఆడ బాల్కనీలో కూచుంటే మబ్బు లేనినాడు ఉదయగిరి కొండ కనపడతాది. పుట్టినూరి కొండ కదా, మురిసిపోయినారు."

రజిని చేతిలో చీపురు ఆగిపోయింది. గోపికది ఉదయగిరే. సాయంత్రం పూట గాలికి కూర్చుని, కాలు మీద కాలేసుకుని, పుట్టింటి కొండ చూసుకుంటుందన్నమాట. తనది మర్రిపాడు. మర్రిపాడులో చూడడానికి లారీలు తప్ప ఏమీ లేవు.

"ఆడినించి మా పెరడు కనపడతాదా?" అంది.

"ఎందుకు కనపడదమ్మా? బాగా కనపడతాది."

బాగా కనపడుతుంది. ఆరేసిన చీరలు, వాటికి వేసిన అతుకులు, సున్నం రాలిన గోడ, తాను గట్టు మీద కూర్చుని అంట్లు తోముకోవడం, అన్నీ కనపడతాయి. గోపిక ఎగతాళి చెయ్యదు. అది రజినికి తెలుసు. జాలిపడుతుంది. "పాపం అక్క, ఇల్లంటే ఇష్టం" అనుకుంటుంది. ఆ జాలి కంటే ఎగతాళే నయం.

"ఆరో అంతస్తు ఆ మూలది ఎవురిది?" అని అడిగింది రజిని.

పేపరు వెనక కోటేశ్వర్ తల ఎత్తాడు. రమేష్‌బాబు చుట్టబోయిన కాగితాలను మళ్ళీ విప్పాడు. తాను వచ్చిన పని అయిందని అతనికి అప్పుడే తెలిసింది. పదేళ్ళుగా ఇళ్ళు అమ్ముతున్నాడు, మనుషులు గదుల కొలతలు అడగకుండా పక్కింటి సంగతి ఎప్పుడు అడుగుతారో ఆ ఘడియ అతనికి బాగా తెలుసు.

అతను వెళ్ళాక కోటేశ్వర్ పేపరు మడిచి పెట్టాడు. "సంఘానికి చెప్పినావా?" అన్నాడు.

"ఏం చెప్పాల? ఆయనెట్టాగూ తెచ్చుకుంటానంటా ఉండాడుగా. మనమియ్యకపోతే మనకే నష్టం."

"ఆయన తెచ్చుకోలేడని మొన్న నువ్వే అందరికీ చెప్తివి."

"నువ్వు నోర్మూసుకో అయ్యా. పద్దెనిమిదేండ్ల నించి మూసుకొనే ఉండావుగా, ఇప్పుడెందుకు తెరస్తావు?"

కోటేశ్వర్ పేపరు మళ్ళీ విప్పాడు. చదివిన పేజీనే చదివాడు.

గురువారం పొద్దున రిజిస్ట్రారు ఆఫీసులో పని పది నిమిషాల్లో అయిపోయింది. గోడ వెనక పదడుగుల స్థలం దారి కోసం ఇష్టపూర్వకంగా వదులుకుంటున్నట్టు ఒక కాగితం, ఆరో అంతస్తు పడమటి మూల ఫ్లాటు తనకు వచ్చేట్టు ఇంకొకటి. రెండో కాగితంలో అంతస్తు అంకె వేసిన చోటును రజిని మూడుసార్లు చదివించుకుంది. వేలిముద్ర యంత్రం మీద వేలు పెట్టినప్పుడు భయం కలగలేదు. చాలాకాలం తర్వాత హాయిగా అనిపించింది. వచ్చే దారిలో డిపో ముందు నిలబడి సోడా తాగింది. ఇకమీదట గోపిక తలెత్తి చూసినప్పుడల్లా పైన తన నేల అడుగు కనపడుతుంది. తాను రోలు పెట్టి దంచితే ఆ చప్పుడు కింద గోపిక ఇంట్లో వినపడాలి. ఇదే ఆలోచనతో నవ్వుకుంటూ ఇంటికి వచ్చింది. సంఘానికి ఏం చెప్పాలన్నది మాత్రం సాయంత్రానికి వాయిదా వేసుకుంది. గురువారం గురువారం ఆరింటికి మీటింగు ఉంటుంది.

మూడు గంటలకు గేటు చప్పుడైంది. గోపిక. ఈసారి రజిని పెరట్లోకి పోలేదు. రమ్మని కుర్చీ కూడా వేసింది. గెలిచినవాళ్ళకు మర్యాదలు చెయ్యడం తేలిక.

గోపిక కుర్చీ అంచున కూర్చుంది. కొంగుతో ముఖం తుడుచుకుంది. "నువ్వు మాట్లాడతావో లేదో అనుకుంటానే వచ్చినాను," అంది.

"ఎందుకు మాట్లాడను? టీ తాగుతావా?"

"తాగుతా. అక్కా, సోమవారం బిల్డరు ప్లాను ఆఫీసులో పెట్టాల. మేం రాసుకున్న గడువు అయిపోతాది. నాలుగంతస్తులకే పెట్టుకోవాల ఇంక. గత్యంతరం లేదు ఆయనకి."

టీ గిన్నె పొయ్యి మీద పెట్టబోతున్న రజిని వంటింటి గుమ్మంలో ఆగింది. "అదెట్టా? తొమ్మిదికి నువ్వు సంతకం పెట్టినావుగా?"

"యాడ పెట్టినాను? ఆయన తొమ్మిదీ తొమ్మిదీ అని నెత్తినెక్కి కూచున్నాడు. మీ మరిదికి ఆ గొర్రెలు తప్ప ఏం తెలవదు. బిల్డరుతో వాదించే నోరు నాకు లేదు. అందుకని కాగితంలో ఒక మాట రాయించినాను. దారి నలభై అడుగులుంటే తొమ్మిది, లేదంటే నాలుగు. ఆయన నవ్వుకుంటా రాసినాడు, దారిదేముండాది తెచ్చుకుంటానని. నేనూ నవ్వుకున్నాను." గోపిక ఇప్పుడు కూడా కాస్త నవ్వింది. "ఆయనకు నీ సంగతి తెలవదుగా. బంగారం పోసినా అక్క ఆ గోడ ఇయ్యదు, మేడ నాలుగుకి మించి లెయ్యదు అని నాకు తెలుసు. నీ ధైర్యంతోనే పెట్టినానక్కా సంతకం."

రజిని గిన్నెను గుమ్మం పక్కన దించింది. "ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా," అంది.

"రెండుసార్లు వచ్చినాను. నువ్వు పంపు తిప్పుకున్నావు." ఆ మాటలో నిష్ఠూరం లేదు, జరిగింది చెప్పడమే ఉంది. "నాలుగైతే మాకు వచ్చేది రెండు ఫ్లాట్లే. చాలు. ఆ తొమ్మిదంతస్తులు లేస్తే నీళ్ళకి మనం మనం కొట్టుకోవాల్సిందే. మా ఇంట్లోనూ బోరు పోయింది. నిన్న కృపారాణి టీచరుతో చెప్పినాను, రేపటి అర్జీలో నేనూ సంతకం పెడతానని. స్థలం గలామె పెడితే బలమని ఆమె అన్నాది. ముందు నీ సంతకం, ఆ కింద నాది పెట్టుకుందామనుకున్నాను."

ఆమె సంచిలోంచి అర్జీ తీసింది. కృపారాణి గుండ్రటి చేతిరాత. కింద నలభై ఆరు గీతలు. మొదటి గీత ఖాళీ, రెండోది కూడా ఖాళీ, మిగిలినవాటిలో సగం పైన అప్పుడే నిండాయి. పై రెండు గీతలూ వదిలి మూడోదాని నుంచి పెట్టించుకుని వచ్చింది గోపిక.

అప్పుడైనా రజినికి ఏడుపు రావాలి. కాని వచ్చింది ఒళ్ళుమంట. మళ్ళీ తననే ముందు నిలబెడుతోంది. మళ్ళీ వదిలిపెడుతోంది. రెండు ఫ్లాట్లు చాలట. ఈ మనిషి దగ్గర తాను ఎప్పటికి ఒక్కసారైనా గెలుస్తుంది?

"నేను పెట్టను," అంది.

"ఎందుకు?"

"ఇచ్చేసినాను. గోడ. పొద్దున రిజిస్ట్రారాఫీసులో."

గోపికకు వెంటనే అర్థం కాలేదు. వంటింట్లోకి, వరండాలోకి, కోటేశ్వర్ వైపు చూసింది. కోటేశ్వర్ చేతులు చూసుకుంటూ కూర్చున్నాడు.

"దేనికిచ్చినావక్కా?"

"ఫ్లాటుకి."

"ఎన్నో అంతస్తు?"

రజిని ఈ మాట చెప్పే క్షణం కోసం పొద్దుటినుంచి ఎదురుచూసింది. సోడా తాగుతున్నప్పుడు కూడా ఎలా చెప్పాలో రెండు మూడు రకాలుగా అనుకుంది. ఇప్పుడు గచ్చు చూస్తూ చెప్పింది.

"ఆరు. పడమటి మూల."

గోపిక ఒకసారి తలెత్తి ఇంటి కప్పు చూసింది. ఆమెకు లెక్క అందిందని రజినికి తెలిసింది. కేక వేస్తుందని, కనీసం ఒక్క తిట్టయినా తిడుతుందని చూసింది. తిడితే బాగుండును. తిడితే ఇద్దరూ సమానమయ్యేవాళ్ళు.

"నన్ను అడిగుంటే ఆ ఐదోది నీకే ఇచ్చేదాన్ని కదక్కా," అంది గోపిక. అర్జీ మడిచి సంచిలో పెట్టుకుని లేచింది. టీ సంగతి ఇద్దరికీ గుర్తులేదు.

సాయంత్రం ఆరింటికి రజిని వరండా ఊడ్చి చాపలు పరిచింది. ఏం చెప్పాలో సిద్ధం చేసుకుంది. ఎలాగూ లేచే మేడే కదా, ఒక ఫ్లాటు సంఘంవాళ్ళకు ఆఫీసుగా పనికొస్తుంది అందామనుకుంది. ఆరూ పది అయింది. ఎవరూ రాలేదు. ఆరుంబావుకు మాలకొండయ్య ప్లాస్టిక్ కుర్చీ ఒకటి చేత్తో పట్టుకుని గేటు ముందునుంచి పోతూ కనపడ్డాడు.

"యాడికన్నా కుర్చీతో?" అంది రజిని.

"మీటింగుకమ్మా," అన్నాడు ఆగకుండానే. "గోపికమ్మ ఇంట్లో."

అతని వెనక కృపారాణి వెళ్ళింది. ఆమె తల తిప్పలేదు. తర్వాత అవతలి వైపు ఇళ్ళ ఆడవాళ్ళు నలుగురు. కీళ్ళనొప్పులని సాకు చెప్పి ఏనాడూ ఈ వరండా మెట్టు ఎక్కని శీనమ్మ కూడా కోడలి భుజం పట్టుకుని నడుస్తోంది. పిల్లల్ని చంకనేసుకున్నవాళ్ళు, డ్యూటీ దిగి అటునుంచి అటే వస్తున్నవాళ్ళు. దారి ఎలా ఆపాలో, రాసిచ్చిన కాగితాన్ని ఎలా కొట్టించాలో మాట్లాడుకోవడానికి పోతున్నారు. అంటే ఇప్పుడు వాళ్ళు పోరాడవలసింది తనతోనే.

"లోపలికి రా," అన్నాడు కోటేశ్వర్ వెనకనుంచి.

రజిని కదల్లేదు. గేటు పట్టుకుని, వీధి చివరకు పోయేవాళ్ళను ఒక్కొక్కరినే లెక్కపెడుతోంది. యాభై దాటారు. తన వరండాలో ఏ రోజూ ఇరవై మందికి మించి కూర్చోలేదు. వీధి చివర రేకుల ఇంటి ముందు గోపిక అందరికీ ఎదురొచ్చి కూర్చోబెడుతోంది. అక్కడినుంచి ఎవరో ఏదో అన్నారు, నలుగురూ చప్పట్లు కొట్టారు. ఇంత చేసుకున్నాక కూడా రజిని కడుపులో మండింది ఆ చప్పట్లకే.